ఏడో రేవు

టోక్యోలో మిట్టమధ్యాహ్నమంటే
పుంతా అరేనాస్‌లో నడిరాత్రి.
భూగోళానికి ఆ కొసన వాళ్ళు భోజనాలకి లేచే వేళ
ఈ కొసన మేం నిద్ర మానుకున్నాం.

జూన్ నెల. పొద్దు పదింటికి గాని పొడవదు.
గాలికాలంలో వీధి మలుపుల్లో కట్టిన తాళ్ళు
ఇంకా విప్పలేదు.
మంచుమీద జారకుండా అవే పట్టుకుని వచ్చింది ఎర్మిందా,
చేపల ఫ్యాక్టరీలో రెండో షిఫ్టు దిగి.
నిబాల్దో వచ్చాడు, నిద్రపోతున్న కొడుకుని భుజాన వేసుకుని.
యెర్కో దుకాణం షట్టరు సగం దించి
మతే కాచాడు.
ఒకటే బుర్ర, ఒకటే గొట్టం, చేతులు మారుతూ.

పందొమ్మిదేళ్ళ కిందటి ఆట అది.
పడవవాడు ఆరు రేవులు దాటి
ఏడో రేవులో ఒక తలుపు ముందు ఆగుతాడు.
తలుపు వెనక ఎవరో దగ్గుతారు.
అంతే.
తెర నల్లబడి, కింద నుంచి పేర్లు పైకి పోతాయి.

ఆ దగ్గు ఎవరిదని ఎంత పోట్లాడుకున్నాం!
తండ్రిదేనన్నాడు నిబాల్దో
(అప్పుడు వాళ్ళ నాన్న ఓడమీద ఉన్నాడు, ఉత్తరం లేదు).
పడవవాడిదేనంది ఎర్మిందా, ముసలివాడయ్యాక.
రికార్డు చేస్తుంటే ఎవరికో పొలమారి ఉంటుందన్నాను నేను.
రెండు నెలలు నాతో మాట్లాడలేదు వాళ్ళు.

మొన్న మే నెలలో కంపెనీ ఒక బొమ్మ వదిలింది:
తడిసిన గొళ్ళెం, కింద ఒక తేదీ.
మరో వారం, గొళ్ళెం నీడ.
ఆ మరో వారం, నీడ అంచున తుప్పు.
తుప్పు రంగుని బట్టి కథంతా చెప్పేశాడు నిబాల్దో.
యెర్కో నోటుపుస్తకంలో ముప్పై ఒక్క పేర్లు,
పేరు పక్కన అడ్వాన్సు.

పన్నెండయింది.
నల్లసూటు మనిషి నడుం వంచి నమస్కరించాడు.
కళ్ళలో తడి అనుకున్నాం. లైట్లేమో.
నలభై నిమిషాలు కృతజ్ఞతలు, వయొలిన్లు,
ఎవరికీ అర్థం కాని శాతాలు.
అప్పుడు తలుపు.
కిర్రుమంది. అదే కిర్రు, అదే చెక్క.
ఎర్మిందా నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోపల జూదపు యంత్రం.
రంగురంగుల దీపాల మధ్య దొర్లుతున్న ఇనుపగుళ్ళు.
వరసగా మూడు ఏడులు పడితే
పడవవాడు చెయ్యూపుతాడట.
ఈ శరత్తు నుంచీ, జపానులో మాత్రమే.

కొండని తవ్వారు.
ఎలుక దొరికినా బాగుండేది,
పేరు పెట్టి పెంచుకునేవాళ్ళం.

వాళ్ళేం అబద్ధమాడలేదు, అదీ బాధ.
తలుపు తెరుస్తామన్నారు, తెరిచారు.
వంటంతా మేమే ఊహించుకున్నాం.
కానీ మా ఆకలి తెలిసే కదా
పొయ్యిమీద ఖాళీ కుండ ఎక్కించారు,
పందొమ్మిదేళ్ళు ఊరిన ఆశని
ఇంకో మూడు వారాలు ఊరించారు.

పిల్లాడు కళ్ళు నులుముకుని
"వచ్చేసిందా?" అన్నాడు.
"ఇంకా లేదురా, పడుకో" అన్నాడు వాళ్ళ నాన్న.
ఆ రాత్రి ఆ గదిలో చక్కగా అబద్ధమాడినవాడు
అతనొక్కడే.

యెర్కో గల్లాపెట్టె తెరిచి
డబ్బు వెనక్కిస్తానన్నాడు.
నిబాల్దో వద్దన్నాడు, నేనూ బింకానికి వద్దన్నాను.
ఎర్మిందా మాత్రం లెక్కపెట్టుకుని తీసుకుంది.
రేపు గ్యాసు బండ రావాలి.

తాడు పట్టుకుని బయల్దేరాం.
జలసంధిలో ఏదో ఓడ, రెండు దీపాలు.
తిట్టుకుంటూ నడిచాం: కంపెనీని, వయొలిన్లని,
నల్లసూటుని, మమ్మల్ని.

మలుపు దగ్గర చీకట్లో
అదే తాడుకి ఆ చివర
ఎవరో దగ్గారు.

ముగ్గురం ఆగిపోయాం.